దోమకో అణా

తెల్లారి ఆరింటప్పుడు గొడ్ల చావిట్లోకి వెళ్లి, బ్యాటరీ లైటు గోడ మీద ఏటవాలుగా వేసి చూడండి. మామూలు దోమ గూని వీపుతో, ఒళ్లంతా గోడకు సమంగా ఉంచి కూర్చుంటుంది. మలేరియాను మోసే అనాఫిలిస్ అలా కూర్చోదు. తల కిందికి, తోక పైకి పెట్టి, గోడకు ముల్లు దిగినట్టు వాలుగా ఉంటుంది. త్రిపురాంతకం చుట్టుపక్కల ఒకవైపు నల్లమల, ఇంకోవైపు నడుమ బాలా త్రిపురసుందరి గుడి ఉన్న చెరువు. ఇలాంటి చోట మలేరియా జాడ వెతకాలంటే మొదట చూడాల్సింది గొడ్ల చావిడే. మన పల్లెల్లో ఈ జబ్బును ముఖ్యంగా మోసేది అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్ అనే దోమ. దానికి మనిషి నెత్తురు కంటే గొడ్డు నెత్తురే ఇష్టం. రాత్రి తాగి, పగలు అక్కడే గోడకో, వాసానికో అంటుకుని ఉంటుంది.

దోమకూ మలేరియాకూ ముడి ఉందని రుజువైంది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి, సీసాల్లో పెంచిన మచ్చల రెక్కల అనాఫిలిస్ దోమలను లోపలికి వదిలాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఒప్పందం. పది కుట్టాయి, పది అణాలు ముట్టాయి. ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాన్ని కోసి చూస్తే, కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనబడ్డాయి. అదే మలేరియా పరాన్నజీవి. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కథ గుర్తొచ్చినప్పుడల్లా నా మనసు మాత్రం హుసేన్ ఖాన్ దగ్గరే ఆగుతుంది. దోమను పట్టడానికి మనిషిని ఎరగా పెట్టే పద్ధతి ఆయనతో పోలేదు.

ఊళ్లో మనుషుల్ని కుట్టే దోమలెన్నో తేల్చడానికి చాలా కాలం నడిచిన పద్ధతి ఇది. ఒక మనిషి రాత్రంతా పంట్లాం మోకాళ్ల దాకా మడిచి కూర్చుంటాడు. దోమ కాలి మీద వాలగానే, కుట్టేలోపు పట్టుకోవాలి. అంతకన్నా నికరమైన లెక్క లేదనేవాళ్లు. మలేరియా మాత్రలు ముందే వేసుకున్నా, కునుకు పడితే కాటు తప్పదు. జీతం కోసం అలా కూర్చున్నవాళ్ల ప్రాణం దోమల లెక్క కంటే చవకైనది కాదు. ఈ పద్ధతి మానాలన్న మాట ఎంత బలంగా వినిపిస్తే అంత మంచిదని నా నమ్మకం.

పగటి పూట పనికి పీల్చే గొట్టం ఉంది. చూస్తే ఏముంది, ఒక గాజు గొట్టం, దానికి తగిలించిన రబ్బరు ట్యూబు, రెండూ కలిసేచోట సన్నని జాలీ గుడ్డ. గాజు మూతిని దోమ దగ్గర పెట్టి, ట్యూబు నోట్లో ఉంచుకుని చిన్నగా ఊపిరి లాగితే దోమ చెక్కుచెదరకుండా, బతికుండగానే లోపలికొస్తుంది. జాలీ లేకపోతే గొంతులోకే పోతుంది. పట్టినవాటిని పట్టిన గంటలతో భాగించి, మనిషి గంటకు ఎన్ని దోమలో రాసుకుంటారు. ఊరికీ ఊరికీ, నెలకూ నెలకూ పోల్చిచూసేది ఆ అంకెనే.

దోమ బతికి ఉండాలన్న పట్టింపుకు కారణముంది. 1958లో మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలై, ఇంటింటా గోడలకు డి.డి.టి. కొట్టారు. 1965 నాటికి దేశంలో కేసులు దాదాపు లక్షకు దిగాయి. 1976లో అవే 64 లక్షలు దాటాయి. దోమలు డి.డి.టి.కి అలవాటు పడడం అందుకొక కారణం. మందు పనిచేస్తోందో లేదో తెలియాలంటే, బతికున్న దోమలను మందు పూసిన కాగితమున్న గొట్టంలో గంటసేపు ఉంచి, మర్నాటికి ఎన్ని చచ్చాయో చూడాలి. రెక్క విరిగిన దోమతో ఈ పరీక్ష జరగదు.

ఇక రాత్రి పూట కాటు లేకుండా దోమలను పట్టే దీపపు బోనులు వచ్చింది అమెరికాలో. 1930లలో న్యూజెర్సీలో చేసినది బరువైనది, కరెంటు ఉన్నచోటే నడిచేది. 1962లో సుడియా, చాంబర్లెయిన్ అనే ఇద్దరు దాన్ని చంకలో పెట్టుకుపోయేంత చిన్నది చేశారు. పైన రేకు మూత, కింద చిన్న బల్బు, బుల్లి ఫ్యాను, దాని కింద వల సంచి. ఆరు వోల్టుల బ్యాటరీ చాలు. కరెంటు లేని గూడెంలోనూ తగిలించుకోవచ్చు. దోమతెరలో నిద్రపోతున్న మనిషి కాళ్లవైపు దాన్ని వేలాడదీస్తారు. అతని ఊపిరికీ, ఒంటి వాసనకూ వచ్చిన దోమ తెర దాటలేక చుట్టూ తిరుగుతూ ఫ్యాను గాలికి సంచిలో పడుతుంది. టాంజానియాలోని ఇఫకారాలో ఇదే ఆలోచనతో గుడారం బోను చేశారు. లోపల మనిషి హాయిగా పడుకుంటాడు, దోమ గరాటు దారిలో దూరి చిక్కుకుంటుంది. ఇందులోనూ మనిషే ఎర, కానీ కాటు లేదు.

తెల్లారాక ఫ్యాను ఆపకముందే సంచి మూతి బిగించి కట్టాలి, లేదంటే పట్టినవన్నీ ఎగిరిపోతాయి. అందులో ఉసుళ్లూ, పురుగులూ, మామూలు దోమలూ బోలెడుంటాయి. వాటి మధ్య నుంచి మచ్చల రెక్కలవాటిని ఒక్కొక్కటే ఏరి, కడుపు ఎర్రగా ఉందో, గుడ్లతో తెల్లబారిందో చూసి వేరు చేస్తారు. తల, రొమ్ము భాగం పరీక్షకు పంపితే అందులో పరాన్నజీవి ఉందో లేదో తేలుతుంది. మిగిలిన దోమ చిన్న గొట్టంలో ఉంటుంది, పైన ఊరి పేరు, తేదీ, చావిడో ఇల్లో రాసిన చీటీతో.