అంటు ఎవరి చేతిది?

పోయిన వారం మంత్రసానుల గురించి రాసినాను. ఈసారి ఆసుపత్రి.

మన తెలుగులో అంటరానితనానికీ అంటువ్యాధికీ మూలం ఒకే మాట, అంటు. మా ఉరవకొండ పల్లెల్లో కాన్పు చేసి, మాయ పూడ్చి, మైలగుడ్డలు ఉతికింది ఎక్కువగా కింది కులాల ఆడోళ్ళే. పని అయిపోయినాక వాళ్ళే అంటు.

1847లో వియన్నా పెద్దాసుపత్రిలో రెండు కాన్పు వార్డులు ఉండేవి. ఒకదాంట్లో డాక్టర్లు, ఇంకోదాంట్లో మంత్రసానులు. బాలింతలు ఎక్కువగా చచ్చిపోయింది డాక్టర్ల వార్డులో. శవాలు కోసిన చేతులతోనే వాళ్ళు కాన్పులు చేస్తున్నారని సెమ్మెల్‌వైస్ పసిగట్టి, క్లోరిన్ సున్నపు నీళ్ళతో చేతులు కడిగించినాడు. ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న చావులు జూన్‌కి 2 శాతానికి దిగినాయి. అయినా చాలామంది పెద్ద డాక్టర్లకు ఆ మాట గిట్టలేదు. పెద్దమనిషి చెయ్యి మురికిదంటే ఎవరొప్పుకుంటారు?

2005లో జననీ సురక్ష యోజన, 108 అంబులెన్సు వచ్చినాయి. మన గేరి ఆడోళ్ళు కాన్పుకి ఆసుపత్రి మెట్లెక్కినారు. మంచిదే, పాతకాలాన్ని నేను పొగడను. కానీ కరువులో తల్లికి తిండి చాలక, నెలలు నిండినా కూలి మానలేక, బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. ఉరవకొండలో కాకపోతే యాభై కిలోమీటర్ల అవతల అనంతపురం. ఊపిరి అందని బిడ్డ గొంతులోకి గొట్టం వేస్తారు. ప్రాణం నిలిపేది ఆ గొట్టమే, ఆసుపత్రి బాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి దిగే దారీ అదే.

వాటిలో ఆసినెటోబాక్టర్ ఒకటి. ఎండిన బల్ల మీద వారాల తరబడి బతుకుతుంది, కరువుకి అలవాటు పడిన పురుగు. ఢిల్లీలో మూడు ఆసుపత్రుల్లో చేరిన 13,530 మంది పసికందుల మీద జరిగిన అధ్యయనం 2016లో వచ్చింది. సెప్సిస్ కేసుల్లో దాదాపు మూడింట రెండు వంతులు పుట్టిన 72 గంటల లోపే మొదలైనాయి. రక్తపరీక్షల్లో ఎక్కువగా దొరికింది ఈ ఆసినెటోబాక్టరే, అందులో 82 శాతం చాలా రకాల మందులకు లొంగలేదు. చివరికి మిగిలేది కొలిస్టిన్, మూత్రపిండాలు చెడతాయని ఎప్పుడో పక్కన పెట్టిన మందు. 2019లో నిషేధించేదాకా దాన్ని కోళ్ళ దాణాలో కలపనిచ్చినారు!

ఇంత జరిగినా బిడ్డ పోతే తల్లికి వినబడేది, "మీ పల్లెటూరోళ్ళకి శుభ్రం తెలీదు" అనే. వార్డు తుడిచే కాంట్రాక్టు కార్మికులు ఎక్కువమంది మనోళ్ళే, తరువాతి తిట్టు వాళ్ళకి.

విద్యార్థి మిత్రులారా, మీ జిల్లా ఆసుపత్రిని సమాచార హక్కు కింద అడగండి. నవజాత శిశువుల వార్డులో ఒక నర్సుకి ఎంతమంది బిడ్డలు? కల్చర్ పరీక్ష చేసినాకే మందు మారుస్తున్నారా? చేతులు కడిగే కుళాయిలో ఇరవై నాలుగు గంటలూ నీళ్ళు వస్తాయా? ఒక్కో వార్డు తుడవడానికి ఎంతమంది, జీతం ఎంత?

మందుల ఫ్యాక్టరీల మురుగు పారిన పటాన్‌చెరు సంగతి వచ్చే వారం.