నానోద్రవ జెట్ శీతలీకరణ

వేడెక్కిన తలం మీదికి నాజిల్ గుండా ద్రవాన్ని ధారగా కొట్టి చల్లార్చే పద్ధతిని జెట్ శీతలీకరణ అంటారు. ఆ ద్రవంలో సుమారు 100 నానోమీటర్ల లోపు ఘనకణాలు కలిపి, అది మోసుకుపోయే వేడిని పెంచాలనే ప్రయత్నమే నానోద్రవ జెట్ శీతలీకరణ. ధారల అధ్యయనం, కణాలు కలిసిన ద్రవాల అధ్యయనం చాలాకాలం వేర్వేరు దారుల్లో నడిచాయి. ఆ రెండూ ఒకచోట కలిసింది ఈ శతాబ్దపు తొలి దశకంలోనే.

ధార

ఘనతలాన్ని ఆనుకుని ప్రవహించే ద్రవంలో వేగం తగ్గిపోయిన ఒక పలచని పొర ఉంటుంది. వేడి ఈ సరిహద్దు పొరను దాటుకుని బయటికి రావాలి. ధార నిలువుగా వచ్చి తగిలే చోట ఈ పొర మరీ పలచబడుతుంది కాబట్టి అక్కడ ఉష్ణ ప్రసారం అత్యధికం. పక్కలకు పోయేకొద్దీ పొర మందమవుతుంది, చల్లదనం తగ్గుతుంది. కుళాయి కింద సింకులో ధార ఇలా పరుచుకోవడం కంటికే కనిపిస్తుంది. పడిన నీరు గుండ్రంగా, పలచగా పరుచుకుని, కొంత దూరం పోయాక ఒక్కసారిగా గట్టులా లేస్తుంది. హైడ్రాలిక్ జంప్ అనే ఈ వింతను 1914లో లార్డ్ రేలీ పరిశీలించాడు. ధార తలం మీద ఎలా పరుచుకుంటుందో, సరిహద్దు పొర ఎలా పెరుగుతుందో లెక్క కట్టింది 1964లో ఇ.జె. వాట్సన్. గాలి ధారలపై అప్పటిదాకా వచ్చిన ప్రయోగ ఫలితాలను 1977లో హోల్గర్ మార్టిన్ క్రోడీకరించి ఇంజనీర్లకు పనికొచ్చే సూత్రాలుగా ఇచ్చాడు. గాజు పలకలను టెంపర్ చేయడానికి, కాగితం ఆరబెట్టడానికి, టర్బైన్ బ్లేడులను లోపలినుంచి చల్లబరచడానికి గాలి ధారలే వాడతారు. రోలింగ్ మిల్లులో వేడి ఉక్కు పట్టీ మీద పడేవి నీటి ధారలు.

కంప్యూటర్ చిప్‌లు చిన్నవై, వేడెక్కడం ఎక్కువయ్యాక ఈ పాత విద్యకు కొత్త గిరాకీ వచ్చింది. 50,000 దాకా సూక్ష్మ నాజిళ్లున్న నీటి ధారల వ్యవస్థతో చదరపు సెంటీమీటరుకు 370 వాట్ల వేడిని తీసేయవచ్చని 2006లో ఐబీఎం జ్యూరిక్ ప్రయోగశాల ప్రకటించింది. ధార నిర్మాణంలో ఇంత పురోగతి వచ్చాక మిగిలిన అడ్డంకి నీరే. గది ఉష్ణోగ్రత వద్ద దాని ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు సుమారు 0.6 వాట్లు. రాగిది 400 వాట్ల దరిదాపు.

కణాలు

ద్రవంలో ఘనకణాలు కలిపితే వాహకత ఎంత పెరుగుతుందన్నది పాత ప్రశ్నే. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1873 నాటి తన విద్యుదయస్కాంత గ్రంథంలో విద్యుత్తు విషయంలో ఇచ్చిన సూత్రం వేడికీ వర్తిస్తుంది. దాని ప్రకారం, బాగా వాహకత ఉన్న గుండ్రని కణాలు పరిమాణంలో 1 శాతం కలిస్తే ద్రవం వాహకత సుమారు 3 శాతం పెరగాలి. మిల్లీమీటరు, మైక్రోమీటరు సైజు కణాలతో దీన్ని ఆచరణలో పెట్టబోతే అవి అడుగున పేరుకునేవి, సన్నని దారులు పూడ్చేవి, గొట్టాలను అరగదీసేవి.

1993లో జపాన్‌లో మసుదా బృందం అల్యూమినా కణాలను 4.3 శాతం మేర నీటిలో కలిపి, వాహకత 30 శాతం దాకా పెరిగిందని చూపింది. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్త స్టీఫెన్ చోయ్ 1995లో ఇలాంటి మిశ్రమాలకు నానోద్రవాలు అని పేరు పెట్టాడు. అసలు సంచలనం 2001లో వచ్చింది. ఇథిలీన్ గ్లైకాల్‌లో 0.3 శాతం రాగి నానోకణాలు కలిపితే వాహకత 40 శాతం పెరిగిందని ఆర్గాన్ బృందం ప్రకటించింది. మాక్స్‌వెల్ లెక్కన అది 1 శాతం కూడా దాటకూడదు. కణాల బ్రౌనియన్ చలనం, వాటి చుట్టూ ద్రవం పొరలు కట్టడం, కణాలు గుంపులు కూడటం అంటూ ఎన్నో కారణాలు ప్రతిపాదనకు వచ్చాయి. 2003లో ఐఐటీ మద్రాసు బృందం బంగారం, వెండి కణాలతో చేసిన ప్రయోగాలు ఈ చర్చను ఇంకాస్త రాజేశాయి.

చివరికి 30కి పైగా సంస్థలు ఒకే రకం నమూనాలను వేర్వేరు పద్ధతుల్లో కొలిచి 2009లో ఫలితాలు వెలువరించాయి. కొలతలు చాలామటుకు సగటుకు 10 శాతం అటూ ఇటూగానే వచ్చాయి. పరీక్షించిన ద్రవాల్లో అసాధారణమైన పెరుగుదల ఏదీ కనబడలేదు. మాక్స్‌వెల్ సూత్రాన్ని కణాల ఆకారానికి తగ్గట్టు విస్తరించిన సిద్ధాంతమే సరిపోయింది.

ధారలో కణాలు

కెనడాలోని మాంక్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్, న్గుయెన్, లజ్వా 2004లో కంప్యూటర్ లెక్కలతో తొలి అడుగు వేశారు. 10 శాతం కణాలతో ఉష్ణ ప్రసారం రెట్టింపు కావచ్చని వాళ్ల అంచనా. గోడ మీద ఒరిపిడి కూడా పెరుగుతుందని అదే పత్రంలో ఉంది.

ప్రయోగం కథను మార్చింది. 2009లో న్గుయెన్, గలానిస్ తదితరులు 36 నానోమీటర్ల అల్యూమినా కణాలున్న నీటిని, ద్రవంలోనే మునిగి ఉన్న 3 మిల్లీమీటర్ల నాజిల్‌తో తలం మీదికి కొట్టారు. నాజిల్‌కూ తలానికీ మధ్య 5 మిల్లీమీటర్లు, కణాలు 2.8 శాతం ఉన్నప్పుడు గరిష్ఠ ఫలితం దక్కింది. 6 శాతానికి చేరేసరికి ఈ తరహా ధారకు నానోద్రవం తగదని వాళ్లే తేల్చారు. ఇటలీలో మాన్కా బృందం 2011లో చేసిన లెక్కల్లో ఆ 6 శాతం దగ్గరే ఉష్ణ ప్రసారం 18 శాతం దాకా పెరిగింది. పంపు శక్తి మాత్రం దాదాపు 4.8 రెట్లయింది.

ఇంత తేడా రావడానికి ప్రధాన కారణం స్నిగ్ధత, అంటే ద్రవం చిక్కదనం. ఐన్‌స్టీన్ 1906లో ఇచ్చి 1911లో సరిదిద్దిన సూత్రం ప్రకారం 1 శాతం కణాలతో అది 2.5 శాతమే పెరగాలి. గుంపులు కట్టిన నానోకణాలతో వాస్తవంలో అంతకు చాలా ఎక్కువే పెరుగుతుంది. పైగా అల్యూమినా చేరేకొద్దీ లీటరు ద్రవం మోయగల వేడి నీటికన్నా తగ్గుతుంది.

ఈ రంగంలోని చాలా పత్రాలను తప్పుదారి పట్టించింది పోల్చే పద్ధతే అనాలి. వేగంతో పెరిగి, స్నిగ్ధతతో తగ్గే రేనాల్డ్స్ సంఖ్యను సమానంగా ఉంచి నీటినీ నానోద్రవాన్నీ పోల్చడం ఆనవాయితీ. చిక్కని ద్రవానికి అదే సంఖ్య రావాలంటే దాన్ని ఎక్కువ వేగంతో తోయాలి. ఆ వేగం వల్ల వచ్చిన లాభం కణాల ఖాతాలో పడుతుంది. గొట్టాల్లో ఈ సంగతి 1998లోనే పాక్, చో బయటపెట్టారు. వేగాన్ని సమానంగా ఉంచితే 3 శాతం కణాలున్న ద్రవం నీటికన్నా 12 శాతం తక్కువ ఉష్ణ ప్రసార గుణకమే చూపింది. తెలుగునాట హైదరాబాద్ జేఎన్‌టీయూ, విశాఖ గీతం పరిశోధకులు 2009 ప్రాంతంలో మెలిపెట్టిన పట్టీలు అమర్చిన గొట్టాల్లో, చాలా తక్కువ కణాలతో చేసిన ప్రయోగాల్లో ఉష్ణ ప్రసారంతోపాటు ఘర్షణ గుణకాన్నీ కొలిచారు. ఘర్షణను దాటడానికి పంపు శక్తి ఖర్చవుతుంది కాబట్టి ధారల పరిశోధనలోనూ సమాన పంపు శక్తి వద్ద పోల్చడమే న్యాయమైన పరీక్ష.

ద్రవం మరిగేచోట కథ వేరు. 2007లో లియూ, చియూ కాపర్ ఆక్సైడ్ కణాలున్న నీటి ధారతో పలకను చల్లబరిచారు. మామూలు మరుగుదలలో అది వట్టి నీటికన్నా వెనకబడింది. కానీ తలాన్ని ఆవిరి పొర కప్పేసి చల్లదనం కుప్పకూలే సంధి ఉష్ణ ప్రవాహం మాత్రం దాదాపు 25 శాతం పెరిగింది. మరుగుతున్నప్పుడు కణాలు తలానికి అంటుకుని సన్నని పొర కట్టడమే దీనికి కారణం. ధార లేకుండా, నిలిచి ఉన్న ద్రవాన్ని మరిగించే కుండమరుగుదల ప్రయోగాల్లో ఇలాంటి పొర తలాన్ని నీటికి బాగా తడిసేలా చేస్తుందని తేలింది. ఆ పొర కట్టాక నానోద్రవాన్ని తీసేసి వట్టి నీరు పోసినా పెరుగుదల చాలావరకు నిలుస్తుందని కూడా గమనించారు. దాంతో కొందరి దృష్టి ద్రవం మీదినుంచి తలం మీదికి మళ్లింది: కణాలను నీటిలో తిప్పే బదులు తలానికే ముందుగా పూత పూయడం.