ఫలక్‌నుమా ప్యాలెస్ భోజనశాల

ఫలక్‌నుమా ప్యాలెస్ భోజనశాల హైదరాబాదులో చార్మినారుకు దక్షిణంగా సుమారు 5 కిలోమీటర్ల దూరాన, గుట్టపై ఉన్న ఫలక్‌నుమా రాజభవనంలోని విందు మందిరం. ఒకే బల్ల చుట్టూ 101 మంది కూర్చుని భోజనం చేసే వీలుండటం దీని ప్రత్యేకత. 2010 నవంబరు నుండి ఈ భవనం తాజ్ సంస్థ నడిపే హోటలుగా ఉన్నది.

చరిత్ర

పైగా వంశీయుడూ, తరువాత హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రీ అయిన నవాబ్ వికారుల్ ఉమ్రా 1884 మార్చి 3న ఈ భవనానికి శంకుస్థాపన చేసాడు. నిర్మాణానికీ, అలంకరణకూ అయిన ఖర్చు అతనిని అప్పుల పాలు చేసింది. 1890ల చివర ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ దీనిని స్వీకరించి, అతనికి సొమ్ము చెల్లించాడు. నవాబు కానుకగా సమర్పించాడని కొందరు, అమ్మాడని కొందరు వ్రాసారు. ఏమైనా కట్టినవానికి ఇల్లు దక్కలేదు. ఆపై ఇది నిజాముల అతిథిగృహమైనది. 1951లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ విడిది చేసిన తరువాత దశాబ్దాల పాటు మూతబడి ఉన్నది. 2000 నుండి సుమారు పదేళ్ళపాటు, ముకర్రం జా మొదటి భార్య యువరాణి ఎస్రా పర్యవేక్షణలో పునరుద్ధరణ జరిగింది.

బల్ల

బల్ల పొడవు సుమారు 108 అడుగులు. ఇరువైపులా కూర్చుంటే ఒక్కొక్కరికి రెండడుగుల పైచిలుకు చోటు వస్తుంది. కుర్చీలకు ఆకుపచ్చ తోలు కప్పి ఉంటుంది. ఒక కొసన మెల్లగా మాట్లాడినా రెండవ కొసన వినిపిస్తుందని చెబుతారు. అదే నిజమైతే ఈ బల్ల వద్ద గుసగుసలకు తావులేదన్నమాట!

వంటకాలు

బల్ల, కుర్చీల అమరిక యూరోపు పద్ధతిది. హైదరాబాదు సంప్రదాయంలో నేలపై పరచిన దస్తర్‌ఖ్వాన్ చుట్టూ గానీ, చౌకీ అనే పొట్టి బల్ల చుట్టూ గానీ కూర్చుని ఆరగించేవారు. హోటలులోని "అదా" భోజనశాలలో హైదరాబాదీ వంటలు వడ్డిస్తారు. మూత చుట్టూ పిండి మెత్తి, ఆవిరి పోకుండా సన్నని సెగపై ఉడికించే దమ్ బిర్యానీ, వేడి రాతిపలకపై కాల్చే పత్థర్ కా గోష్త్, ఎండు ఆప్రికాట్లతో చేసే ఖుబానీ కా మీఠా ఈ వంటలలో పేరుపొందినవి.

పెద్ద బల్లను మాత్రం ప్రత్యేక విందులకే వినియోగిస్తారు. 2017 నవంబరు 28న ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు సందర్భంగా ప్రధాని నరేంద్ర మోడీ ఇవాంకా ట్రంప్‌కు ఇక్కడే విందు ఇచ్చాడు. బల్ల వద్ద చోటు దొరకని ప్రతినిధులకు భవనపు ఆవరణలో వేరుగా వడ్డించారు.