వేపంజేరి నుంచి ఉపసభాపతి కుర్చీ దాకా: కుతూహలమ్మ గారి చరిత్ర, మన సీటు లెక్క



ఈసారి మన జిల్లా రాజకీయ చరిత్ర. గ్రూప్స్‌కు చదివేవాళ్ళకు పనికొస్తుంది, ఓటు ఉన్న ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది. పోస్టు కొంచెం పొడవే, ఓపిగ్గా చదవండి.

వేపంజేరి అంటే ఇప్పుడు అందరికీ లక్ష్మీనారాయణ స్వామి గుడి గుర్తుకొస్తుంది. 2009 ఎన్నికలకు ముందు దాకా అది ఒక అసెంబ్లీ నియోజకవర్గం పేరు కూడా. ఎస్సీలకు రిజర్వు అయిన సీటు. అక్కడి నుంచే డాక్టర్ గుమ్మడి కుతూహలమ్మ గారు నాలుగుసార్లు ఎమ్మెల్యే అయ్యారు.

ఆమె 1949లో పుట్టారు. దళిత కుటుంబం నుంచి వచ్చి ఎంబీబీఎస్ చదివిన మహిళ. ఆ రోజుల్లో అది ఎంత కష్టమో మన ఇళ్ళల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన అక్కచెల్లెళ్ళకు చెప్పనక్కర్లేదు. కాంగ్రెస్‌లో చేరి, చిత్తూరు జిల్లా పరిషత్ అధ్యక్షురాలిగా పనిచేసి, ఆ తర్వాత అసెంబ్లీకి వచ్చారు.

ఆమె గెలిచిన సంవత్సరాలు 1985, 1989, 1999, 2004, 2009. వీటిని ఊరికే బట్టీ పట్టకుండా ఒక్కసారి ఆగి చూడండి. 1985లో రాష్ట్రమంతా ఎన్టీఆర్ గాలి. 294 సీట్లలో తెలుగుదేశానికే 202 వచ్చాయి. ఆ గాలిలో కూడా వేపంజేరిలో కాంగ్రెస్ తరఫున ఆమె గెలిచారు. 1999లో మళ్ళీ తెలుగుదేశమే అధికారంలోకి వచ్చింది, అప్పుడూ ఆమె గెలిచారు. అంటే ఐదింటిలో రెండుసార్లు గాలికి ఎదురు నిలబడి గెలిచినట్టు లెక్క. సొంత పలుకుబడి లేకుండా అది జరిగే పని కాదు.

1990ల మొదట్లో రాష్ట్ర మంత్రిగా పనిచేశారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉపసభాపతి అయ్యారు. స్పీకర్ లేనప్పుడు సభను నడిపేది ఉపసభాపతే. ఎంత పెద్ద నాయకుడైనా ఆ కుర్చీ వైపు తిరిగి "అధ్యక్షా" అనాల్సిందే. మన పక్క పల్లెల ఓట్లతో గెలిచిన ఒక దళిత మహిళ ఆ కుర్చీలో కూర్చున్నారు.

2008లో నియోజకవర్గాల హద్దులు మార్చారు. వేపంజేరి సీటు రద్దయింది, గంగాధర నెల్లూరు ఎస్సీ సీటుగా వచ్చింది. 2009లో అక్కడి నుంచి ఆమె ఐదోసారి గెలిచారు. రాష్ట్ర విభజన సమయంలో తెలుగుదేశంలోకి వెళ్ళి 2014లో అక్కడే పోటీ చేశారు, ఓడిపోయారు. 2023 ఫిబ్రవరి 15న తిరుపతిలో కన్నుమూశారు.

ఇంతవరకు ఆమె కథ. ఇప్పుడు మన లెక్కకు వద్దాం.

ఆమె తెలివి, చదువు, కష్టం ఎవరూ కాదనలేరు. కానీ వాటితో పాటు ఇంకొకటి ఉండింది. పోటీకి ఒక రిజర్వుడు సీటు ఉండింది. ఒకటి పోతే పక్కనే ఇంకొకటి వచ్చింది. మనకు యాడ ఉంది?

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు 175 అసెంబ్లీ సీట్లు. ఎస్సీలకు 29, ఎస్టీలకు 7. ఆ ఏడూ ఇవి: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. రాయలసీమలో ఒక్కటీ లేదు. మన బంగారుపాళ్యం ఉన్నది పూతలపట్టు నియోజకవర్గంలో, అది ఎస్సీ సీటు. కాబట్టి ఇక్కడి ఎరుకల తమ్ముడో, యానాది చెల్లెలో, సుగాలి అన్నో సొంత నియోజకవర్గంలో ఓటు వేయగలరు గానీ నామినేషన్ వేయలేరు. ఎమ్మెల్యే కావాలంటే పక్కనున్న జనరల్ సీటుకు పోవాలి, లేదంటే అరకు దాకా పోవాలి.

ఎస్సీ అన్నదమ్ములు మన సీటు తీసుకున్నారని దీని అర్థం కాదు. వాళ్ళకు వచ్చింది వాళ్ళ హక్కు. తేడా చట్టంలోనే ఉంది. రాజ్యాంగం 332వ అధికరణం ఇద్దరికీ జనాభాను బట్టే సీట్లు ఇస్తుంది. అయితే ఆ సీట్లు ఏ ప్రాంతంలో పెట్టాలో చెప్పేది డీలిమిటేషన్ చట్టం. ఎస్సీ సీట్లను రాష్ట్రమంతా పంచాలి, వాళ్ళు ఎక్కువగా ఉన్నచోట పెట్టాలి. ఎస్టీ సీట్లను మాత్రం జనాభాలో ఎస్టీల శాతం అన్నిటికంటే ఎక్కువగా ఉన్నచోటనే పెట్టాలి, పంచాలన్న మాట లేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఎస్టీలు నూటికి నలుగురు కూడా లేరు. అందుకే సీట్లన్నీ ఏజెన్సీ వైపు పోయాయి. చెరువు కట్టల మీద, ఊరి చివర, తండాల్లో చెదిరి ఉన్న మనోళ్ళు ఏ సీటు లెక్కకూ అందలేదు.

సీటు ఉంటే ఏమవుతుందో చూడాలంటే తెలంగాణలోని ఇల్లెందు వైపు చూడండి. అది ఎస్టీ సీటు. అక్కడ కోయ బిడ్డ గుమ్మడి నర్సయ్య గారు 1983, 1985, 1989, 1999, 2004లో ఐదుసార్లు గెలిచారు. న్యూడెమోక్రసీ పార్టీ నాయకుడు, సైకిల్ మీద, బస్సులో తిరిగిన ఎమ్మెల్యేగా అందరికీ తెలుసు. కుతూహలమ్మ గారి దారి వేరు, ఈయన దారి వేరు. ఇద్దరి ఇంటిపేరూ గుమ్మడే, ఇద్దరివీ ఐదు గెలుపులే, 1994లో ఇద్దరూ సభలో లేరు. పార్టీలు, పద్ధతులు ఎంత వేరైనా ఇద్దరికీ నిలబడడానికి తమ జనం ఉన్న నేల మీద ఒక సీటు దొరికింది.

మరి మనం ఏం చేయాలి? నాకు తోచినవి మూడు.

ఒకటి, జనగణన. తర్వాతి జనగణన 2027లో. సీట్ల సంఖ్యకు, పంచాయతీ రిజర్వేషన్లకు లెక్క అక్కడే మొదలవుతుంది. ఇటుక బట్టీలకు, కోతలకు వలస పోయినవాళ్ళు లెక్కలో జారిపోకుండా చూడాలి. తెగ పేరు సరిగ్గా రాయించాలి. ప్రతి వాడలో మన గ్రూపు పిల్లలు ఇద్దరు దగ్గరుండి చూసుకుంటే చాలు.

రెండు, పంచాయతీ. 73వ రాజ్యాంగ సవరణ వల్ల వార్డు మెంబరు, సర్పంచ్, ఎంపీటీసీ స్థానాల్లో జనాభాను బట్టి మనకు వాటా ఉంది. అసెంబ్లీలో లేని తలుపు అక్కడ తెరిచే ఉంది. కుతూహలమ్మ గారు కూడా జిల్లా పరిషత్ మెట్టు ఎక్కే అసెంబ్లీకి పోయారు. కానీ ఎస్టీ స్థానంలో మన మనిషి పేరు, వెనక ఇంకొకరి పెత్తనం అయితే ఆ తలుపు ఉన్నా లేనట్టే.

మూడు, ఇప్పుడున్న ఎమ్మెల్యేను అడగడం. ఆయన ఎవరైనా, ఏ పార్టీ అయినా, మన ఓటుతో కూడా గెలిచిన మనిషి. ఇంటి పట్టా, కుల ధ్రువీకరణ, హాస్టల్ సీటు, శ్మశానానికి దారి, వీటి గురించి కాగితం మీద రాసి, పదిమంది సంతకాలు పెట్టి ఇవ్వాలి. నోటి మాట గాలికి పోతుంది.

మీ పంచాయతీలో ఎస్టీ వార్డులు ఎన్ని ఉన్నాయి, వాటిలో నిజంగా పని నడిపేది ఎవరు? తెలిసినవాళ్ళు కింద రాయండి. అన్నీ కలిపి ఒక జాబితా చేద్దాం.