ఘనా అమ్మల కుట్టుమిషన్లు

కాచిగూడలో దర్జీ దగ్గరికి మనం వెళ్తాం. నేనుండే ఘనా రాజధాని అక్రాలో దర్జీయే మన వాకిట్లోకి వస్తాడు. భుజాన చేతిమిషన్ పెట్టుకుని, కత్తెర టకటకలాడిస్తూ సందు సందూ తిరుగుతాడు. ఆ చప్పుడు వినగానే మా పక్కింటావిడ గుడ్డల మూటతో బయటికొస్తుంది. అతను గేటు పక్క నీడలో మిషన్ దించి, కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేత్తో గుడ్డ నడుపుతూ, చిరిగిన జేబూ ఊడిన అంచూ అప్పటికప్పుడే బాగుచేసి మళ్ళీ మిషన్ భుజానికెత్తుకుంటాడు.

ఘనా ఫ్యాషన్ గురించి ఎవరు అడిగినా నేను ఆ మిషన్ దగ్గరే మొదలుపెడతాను. ఎందుకో వినండి.

డిజైనర్ వర్జిల్ అబ్లో అమెరికాలో పుట్టాడు. అమ్మానాన్నలు ఘనా నుంచి వలస వెళ్ళినవాళ్ళు. సివిల్ ఇంజనీరింగ్ చదివాడు, ఆపైన ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్. మన ఇళ్ళల్లో అయితే ఇక ఉద్యోగం, గ్రీన్‌కార్డు, పెళ్ళిసంబంధం. ఇతను మాత్రం అమ్మ నేర్పిన కుట్టుపనినే నమ్ముకుని, 2018లో పారిస్ కంపెనీ లూయీ విటాన్‌లో మగవాళ్ళ దుస్తుల విభాగానికి సారథి అయ్యాడు. 2021లో, 41 ఏళ్ళకే, క్యాన్సర్‌తో పోయాడు. ఘనా మూలాలున్న ఓజ్వాల్డ్ బోటెంగ్ లండన్‌లో కంప్యూటర్లు చదువుతూ అమ్మ పాత మిషన్ మీద చెయ్యి తిప్పాడు. సూట్లకు పేరుపడ్డ సావిల్ రో వీధి దగ్గర 1995లో సొంత దుకాణం తెరిచాడు. టకోరాడి రేవుపట్నం నుంచి లండన్ చేరిన ఎడ్వర్డ్ ఎనిన్‌ఫుల్ తల్లి గ్రేస్ కూడా బట్టలు కుట్టేది. పదహారేళ్ళకు రైల్లో ఎవరో చూసి అతన్ని మోడల్ చేశారు. 2017లో బ్రిటిష్ 'వోగ్' పత్రికకు సంపాదకుడయ్యాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి నల్లజాతివాడు అతనే, మొదటి మగవాడూ అతనే. ఇక అక్రాలోనే ఉండి పేరు తెచ్చుకున్న ఐషా అయెన్సు 2008లో పెట్టిన సంస్థ పేరు క్రిస్టీ బ్రౌన్. అది వాళ్ళ అమ్మమ్మ పేరు. ఆవిడా కుట్టుపని మనిషే.

మా అబ్బాయి ఇంజనీరింగ్ చేసి టైలరయ్యాడని కాచిగూడలో ఏ తల్లయినా గొప్పగా చెప్పుకోగలదా?

ఇక్కడ రెడీమేడ్ కంటే గుడ్డ కొని కుట్టించుకోవడమే మర్యాద. మకోలా బజారుకు వెళ్తే నాకు సుల్తాన్ బజార్ మ్యాచింగ్ సెంటర్లలో తిరుగుతున్నట్టే ఉంటుంది. చీర చెంగు పట్టుకుని అమ్మ వెంట దుకాణం దుకాణం ఎక్కడం, ట్యూబులైటు కింద ఒకలా కనిపించిన రంగును వీధిలోకి తెచ్చి మళ్ళీ చూడడం, ఫాల్, పీకో చేయించేసరికి చీకటి పడిపోవడం, బడీ చౌడీలో కూరగాయలు కొనుక్కుని నడిచి ఇంటికి రావడం. మకోలాలోనూ ముక్క ఆరు గజాలే. దాంతో పైకి కాబా అనే జాకెట్టు, కిందికి స్లిట్ అనే పొడవాటి లంగా కుట్టిస్తారు. ఒక్క తేడా ఏమిటంటే, మన దగ్గర గల్లాపెట్టె ముందు సేఠ్‌గారు కూర్చుంటారు, ఇక్కడ ఆడవాళ్ళే కూర్చుంటారు.

ఆ గుడ్డల్లో ఖరీదైనది హాలెండ్ సరుకు. జావా బాతిక్‌ను యంత్రాల మీద అనుకరించి డచ్చివాళ్ళు తెచ్చిన అద్దకం అది. ఘనా ఆడవాళ్ళు ఒక్కో నమూనాకు ఒక్కో సామెత పేరు పెట్టి దాన్ని తమది చేసుకున్నారు. ఒకదాని పేరు 'డబ్బుకు రెక్కలున్నాయి'.

డచ్చివాళ్ళనగానే మనకు మచిలీపట్నం గుర్తు రావాలి. 17వ శతాబ్దంలో అక్కడ గుడ్డ కొన్నదీ వాళ్ళే, 1637లో ఇక్కడి ఎల్మినా కోటను పోర్చుగీసువాళ్ళ నుంచి లాక్కున్నదీ వాళ్ళే. కోరమాండల్ తీరపు నూలుగుడ్డ ఐరోపా మీదుగా ఈ తీరానికి చేరేది. ఆ గుడ్డలిచ్చి బంగారం కొన్నారు, మనుషుల్నీ కొన్నారు. ఎల్మినాలో బానిసల్ని కుక్కిన గదిలోకి వెళ్ళినప్పుడు, ఆ బేరంలో మన మగ్గాల గుడ్డ ఎంత ఉందోనన్న ఆలోచన నన్ను పట్టుకుంది, ఇంకా వదల్లేదు. తర్వాతి కాలంలో చీరాల నేతగాళ్ళు పశ్చిమాఫ్రికా కోసమే గళ్ళ రుమాళ్ళు నేసేవారు. అది మాత్రం నిఖార్సైన వ్యాపారం.

1957 మార్చి 6న ఘనా స్వాతంత్ర్యం ప్రకటిస్తూ దేశనాయకుడు ఎన్‌క్రుమా సూటు వేసుకోలేదు, ఉత్తర ఘనా నేత చొక్కా తొడిగాడు. మన ఖద్దరు సంగతి తెలిసినవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఆ ఊపులోనే పారిస్‌లో శిక్షణ పొందివచ్చిన జూలియానా నార్టీ 'షే జూలీ' పేరుతో 1960లలో దుకాణం నడిపింది. మగవాళ్ళు భుజాన కప్పుకునే కెంటే వస్త్రాన్ని ఆడవాళ్ళ దుస్తుగా మలిచింది. డిజైనర్ కోఫీ అన్సా లండన్‌లో చదివి, పేరు తెచ్చుకుని, 1992లో తిరిగి వచ్చేశాడు. 2004 నుంచి శుక్రవారాలు స్వదేశీ గుడ్డ కట్టమని ప్రభుత్వమే ప్రచారం చేసింది. శుక్రవారం నాడు ఇక్కడి బ్యాంకుకు వెళ్తే కౌంటర్ల వెనక పెళ్ళిపందిరిలా ఉంటుంది.

మరోవైపు, తెల్లదేశాలు విడిచిన పాత బట్టలు కాంటమాంటో బజారులో వచ్చిపడుతుంటాయి. వారానికి కోటిన్నర అని ఓ స్వచ్ఛంద సంస్థ అంచనా. కుర్ర డిజైనర్లు అందులోంచే ఏరి కొత్తవి కుడుతున్నారు. 2025 జనవరిలో ఆ బజారు చాలామటుకు కాలిపోయింది.

మోడళ్ళ సంగతి చివరికి ఉంచాను. ఎనిన్‌ఫుల్ తన మొదటి సంచిక, 2017 డిసెంబరు 'వోగ్' ముఖచిత్రానికి ఎంచుకున్నది అడ్వోవా అబోవాను. తండ్రిది ఘనా, తల్లిది ఇంగ్లండ్. ముఖం నిండా మచ్చలు, పొట్టి జుట్టు. ఇక్కడ అందరూ నలుపును నెత్తిన పెట్టుకున్నారని అనుకోకండి. హైడ్రోక్వినోన్ క్రీముల్ని నిషేధించినా, తెల్లబరిచే డబ్బాలు బజార్లో దొరుకుతూనే ఉంటాయి. అయినా అక్రాలో గుడ్డల కంపెనీ ప్రకటన మీద నిలబడేది ఇక్కడి రంగు అమ్మాయే. అబిడ్స్ నుంచి అమీర్‌పేట దాకా మన పట్టుచీరల హోర్డింగుల మీద నాకు మా వీధి పిల్ల ఒక్కతీ కనబడలేదు.

చీరల దుకాణాల యజమానులకు నాదొక మనవి. వచ్చే శ్రావణమాసానికి ఒక్క హోర్డింగు మీదైనా మన రంగు పిల్లను నిలబెట్టండి. గద్వాలలోనో పోచంపల్లిలోనో ఆ చీర నేసిన ఇంటి పిల్లయితే మరీ మంచిది.