కల్లు రేక, చిగురు పన్ను

1879 రంప తిరుగుబాటు పాఠం చెబుతుంటే తరగతిలో ఒక పిల్లవాడు లేచి, "కల్లు కోసం యుద్ధం చేశారా సారూ?" అని అడిగాడు. పిల్లలందరూ నవ్వారు. అందరూ మన కోయ పిల్లలే. ఆ నవ్వు మమ్మల్ని బాధపెట్టింది. దానికి జవాబు చెట్టు కింద నుంచే చెప్పాలి.

భద్రాచలం, ఖమ్మం అడవి అంచు గూడేల్లో కల్లు తాగడం ఒక ఆటలాగే సాగుతుంది. పద్ధతి తేలిక. తాటాకు మడిచి దొప్పలా చేస్తే అదే రేక. ఆడా మగా చెట్టు కింద గుండ్రంగా కూర్చుంటారు. లొట్టి దించినవాళ్లు ముందు నాలుగు చుక్కలు నేల మీద పోసి వేల్పులను, చనిపోయిన పెద్దలను తలుచుకుంటారు. పెద్దవాళ్లతో వరస మొదలవుతుంది. ఒకరు లొట్టి వంచి పోస్తుంటే తాగేవారు రేకను నోటి దగ్గర పట్టుకుంటారు. ధార తెగకూడదు, కల్లు ఒలకకూడదు. ఒలికిందా, బావా బామ్మర్దుల పరాచికాలకు అంతే ఉండదు. తన వరస రానిదే ఎవరూ రేక పట్టరు. చుట్టం వస్తే జరిగి చోటిస్తారు. అక్కడ డబ్బు మాట రాదు.

రంప కొండల్లో ఆ డబ్బు మాటే వచ్చింది. అక్కడి మన్సబుదారు కల్లు మీద 'చిగురు పన్ను' వసూలు చేసేవాడు. ఆపైన మద్రాసు ప్రభుత్వం కల్లు ఆదాయాన్ని మైదానపు కాంట్రాక్టర్లకు పాటకిచ్చింది. తన ఇంటికి గీసుకునే కల్లుకు కూడా డబ్బు కట్టాలన్నారు. కట్టలేకపోతే సామాను జప్తు చేశారు. పోలీసుల వేధింపులు, వడ్డీ వ్యాపారుల మోసాలు దీనికి తోడయ్యాయి. 1879 మార్చిలో జనం తిరగబడ్డారు. జులైకల్లా అది మన భద్రాచలం తాలూకా రేకపల్లికి పాకింది. రేకపల్లిలో పోడు పన్ను కూడా మండుతోంది. మధ్య పరగణాల పాలనలో గొడ్డలికి నాలుగు అణాలున్న పన్నును మద్రాసు ప్రభుత్వం మూడింతలు చేసింది. తిరుగుబాటును అణచడానికి ఆరు రెజిమెంట్ల పదాతి దళం దిగింది. నాయకుల్లో ఒకరైన కారం తమ్మన్నదొరను 1880లో కాల్చి చంపారు.

కాబట్టి పిల్లలకు మా జవాబు ఇది: మన పెద్దలు మత్తు కోసం పోరాడలేదు. చెట్టు ఎవరిది, పోడు ఎవరిది, మన ఇంటి అవసరానికి ఎవరి అనుమతి కావాలి అన్నదే గొడవ.

ఇప్పుడు పండుగల్లోకి బెల్టు షాపు సీసాలు వచ్చాయి. సీసా దగ్గర వరస లేదు, పెద్దా చిన్నా లేదు, అప్పు ఒక్కటే మిగులుతోంది. నాడు కాంట్రాక్టరు చేసిన పనే నేడు మరో దారిలో జరుగుతోంది. 1996 పీసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, అదుపు చేసే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ అధికారాన్ని వాడుకున్న ఊరే తన హద్దు తాను గీసుకోగలదు.

పిల్లలకు కల్లు అలవాటు చేయమని మేము చెప్పడం లేదు. పాఠం చెప్పే తోటి ఉపాధ్యాయులు ముందు రేక గురించి, వరస గురించి చెప్పి, ఆ తర్వాతే 1879కి రావాలని కోరుతున్నాం. అప్పుడు తరగతిలో ఎవరూ నవ్వరు.