ఎయిడ్స్ తరహా వైరస్‌లు, యాంటీబాడీలు

మనుషుల్లో హెచ్‌ఐవీ, కోతుల్లో ఎస్‌ఐవీ, ప్రయోగాల కోసం ఈ రెంటినీ కలిపి తయారుచేసిన షివ్ లెంటివైరస్ ప్రజాతికి చెందినవి. వీటిపై యాంటీబాడీలు (ప్రతిరక్షకాలు) ప్రధానంగా రెండు పనులు చేస్తాయి. వైరస్ పైనున్న జీపీ120 ప్రొటీన్‌ను పట్టుకుని, వైరస్ సీడీ4 అనే రక్షణ కణంలో చొరబడకుండా ఆపడం మొదటిది; దీన్నే తటస్థీకరణ అంటారు. వైరస్ సోకిన కణానికి అతుక్కుని, దాన్ని చంపే ఎన్‌కే కణాలను రప్పించడం రెండోది. బీ12 అనే తటస్థీకరణ యాంటీబాడీలో, ఎన్‌కే కణాలను రప్పించే తోక భాగాన్ని మార్చి కోతులకు ఇచ్చిన 2007 నాటి ప్రయోగంలో రక్షణ తగ్గింది. రెండో పనికీ విలువ ఉందనడానికి ఇదొక ఆధారం.

పరిమితులు: వైరస్ సోకిన కొద్ది వారాల్లోనే యాంటీబాడీలు పుడతాయి గానీ, తటస్థీకరించేవి సాధారణంగా నెలల తర్వాతే వస్తాయి. ఆలోగా వైరస్ రూపు మార్చుకుంటుంది. పలు రకాలను అడ్డుకోగల యాంటీబాడీలు కొద్దిమందిలోనే, అదీ ఏళ్లు గడిచాక కనిపిస్తాయి. అలాంటి యాంటీబాడీయైన వీఆర్‌సీ01ను ముందుజాగ్రత్తగా ఎక్కించిన పరీక్షల్లో (ఫలితాలు 2021) మొత్తంమీద రక్షణ రుజువు కాలేదు; దానికి లొంగే రకాలపై మాత్రం సుమారు 75 శాతం కనిపించింది. థాయ్‌లాండ్ టీకా పరీక్ష (2009) చూపిన 31 శాతం రక్షణపై వాదాలున్నాయి. ఆ పద్ధతినే అనుసరించిన దక్షిణాఫ్రికా పరీక్షను 2020లో ఫలితం లేక ఆపేశారు.

అమర రామారావు పరిశోధనలు: అట్లాంటాలోని ఎమోరీ విశ్వవిద్యాలయానికి చెందిన ఈ తెలుగు శాస్త్రవేత్త, హారియెట్ రాబిన్సన్ బృందంతో కలిసి 2001లో డీఎన్ఏ–ఎంవీఏ (ముందు డీఎన్ఏ, తర్వాత బలహీనపరచిన ఎంవీఏ వైరస్ ఇచ్చే) టీకా ఫలితాలు ప్రకటించారు. టీకా పొందిన కోతులకు షివ్ సోకింది గానీ అదుపులోనే ఉంది, ఎయిడ్స్ రాలేదు. ఈ అదుపును ఎక్కువగా టీ కణాల (వైరస్ సోకిన కణాలను చంపే రక్షణ కణాల) ఖాతాలోనే వేస్తారు. ఎస్‌ఐవీపై 2011లో వెలువడిన అధ్యయనంలో, టీకాకు జీఎం–సీఎస్‌ఎఫ్ అనే రోగనిరోధక ప్రేరక ప్రొటీన్‌ను జోడించినప్పుడు 71 శాతం కోతులకు వైరస్ సోకలేదు. జోడించనప్పుడు 25 శాతమే తప్పించుకున్నాయి. గుంపులు చిన్నవే అయినా, యాంటీబాడీల పట్టు గట్టిగా ఉన్నచోట రక్షణ పెరగడం గమనార్హం. ఆయన భాగస్వామిగా ఉన్న 2020 నాటి అధ్యయనంలో, టీ కణాలు తోడైతే తక్కువ మోతాదు యాంటీబాడీలు కూడా సరిపోయాయి. యాంటీబాడీలా, టీ కణాలా అనే పాత వివాదంలో, రెండూ కలిస్తేనే ఫలితమన్న వాదానికే ప్రస్తుతం మొగ్గు.

రోగ నిర్ధారణ: ఐసీటీసీ (సమగ్ర సలహా, పరీక్ష) కేంద్రాల్లో చేసే ర్యాపిడ్ పరీక్షలు వెతికేది యాంటీబాడీలనే. ‘పాజిటివ్’ అంటే వైరస్ సోకిందని అర్థం, రక్షణ ఉందని కాదు. సోకిన తొలి వారాల్లో పరీక్షకు దొరక్కపోవచ్చు. తల్లి యాంటీబాడీలు బిడ్డలో కొన్ని నెలలు నిలుస్తాయి కనుక, 18 నెలల లోపు పిల్లలకు వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తారు.